గొడవ పడకుండా ఊరుకున్నదీ ఒత్తిడే: ఒక పరిశోధనలో నా అనుభవం

ఒక యూనివర్సిటీ సైకాలజీ ల్యాబ్ వాళ్ళు వయోజనుల్లో రోజువారీ ఒత్తిడి, మానసిక క్షేమం మీద పరిశోధన చేస్తున్నామని, పాల్గొనేవాళ్ళు కావాలని ప్రకటిస్తే నేను పేరిచ్చాను. పెద్ద కష్టాల్లో ఉన్నవాళ్ళు కాదు, ఉద్యోగం, ఇల్లు, బాధ్యతలు మోస్తూ మామూలుగా బతికేవాళ్ళే తమకు కావాలన్నారు. కొన్ని వారాలపాటు సాగిన ఆ పనిలో ఏం అడిగారు, ఏం కొలిచారు, నాకేం తెలిసింది అనేది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పరిశోధనలో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకు ఇది పనికొస్తుంది. నా మటుకు నాకు, రోజంతా నన్ను అలసిపోయేలా చేసేదేమిటో నేను ఇన్నాళ్ళూ లెక్కే వేసుకోలేదని ఈ పని వల్ల తెలిసింది. అందుకే రాయాలనిపించింది.

మొదటి రోజు ప్రశ్నలకంటే ముందు సమ్మతి పత్రం. ఒక పరిశోధక విద్యార్థిని ఎదురుగా కూర్చుని ఒక్కో పేరా చదువుతూ, "అర్థమైందా అండీ, ఏమైనా అడగాలా?" అని ఆగుతూ వెళ్ళారు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానేయొచ్చు. నచ్చని ప్రశ్న వదిలేయొచ్చు. నా పేరు ఒకచోట ఉంటుంది, నా జవాబులు ఇంకోచోట ఉంటాయి. రెండింటినీ కలిపేది ఒక కోడ్ నంబరు మాత్రమే. ఫలానా తేదీలోపు అడిగితే నా డేటా మొత్తం తీసేస్తారు. ఆ తర్వాత అందరి లెక్కల్లో కలిసిపోతుంది కాబట్టి తీయడం కుదరదు. ఇదంతా ఎథిక్స్ కమిటీ చూసి ఒప్పుకున్నాకే పరిశోధన మొదలవుతుందట. వైద్య పరిశోధనల కోసం ప్రపంచ వైద్య సంఘం 1964లో చేసిన హెల్సింకీ ప్రకటనలో కూడా మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలన్నదే ముఖ్యం. సైకాలజీలోనూ అదే పద్ధతి నడుస్తోంది.

నేను రెండు విషయాలు అడిగాను. ఒకటి, నా జవాబులు బాగా లేకపోతే ఫలానా సమస్య ఉందని మీరు చెప్తారా అని. చెప్పరన్నారు. ఇవి పరిశోధన కోసం వేసే ప్రశ్నలు, రోగనిర్ధారణ కాదు. అయితే ఎవరైనా ప్రాణం తీసుకోవాలని ఉందన్నట్టు జవాబిస్తే మాత్రం ఊరుకోరు. ఆ రోజే ఫోన్ చేసి మాట్లాడే బాధ్యత ఒక సైకాలజిస్టుకు ముందే అప్పగించి ఉంచారు. రెండోది, ఆఫీసులోగానీ ఇంట్లోగానీ నేను రాసింది ఎవరికైనా తెలుస్తుందా అని. తెలియదన్నారు. ఈ రెండో జవాబు లేకపోతే నేను తర్వాత రాసినవాటిలో సగం రాసేదాన్ని కాదు. సంతకం పెట్టించుకుని పంపేసే చోట మనుషులు మనసు విప్పి జవాబివ్వరు. ఆ గంటసేపటి ఓపిక పరిశోధనలో భాగమేనని నాకనిపించింది.

తర్వాత ప్రశ్నావళులు. చాలానే ఉన్నాయి. వయసు, నిద్ర, ఆరోగ్యం, మందులు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు లాంటివి త్వరగా అయిపోయాయి. ఆలోచింపజేసినవి మూడు.

మొదటిది షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో తయారుచేసిన ఒత్తిడి కొలమానం. దానిలో పది ప్రశ్నలుండే రూపాన్ని ఇచ్చారు. గత నెల రోజుల్లో పనులు చేతిలో లేకుండా పోతున్నాయని ఎంత తరచుగా అనిపించింది, సొంత సమస్యలను సర్దుకోగలనన్న నమ్మకం ఎంత తరచుగా కలిగింది, ఇలా ఉంటాయి. ప్రతిదానికీ సున్నా నుంచి నాలుగు వరకు వేయాలి. మొత్తం 0 నుంచి 40 లోపు వస్తుంది. ఏం జరిగిందని అందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. జరిగినదాన్ని మోయగలననిపించిందా లేదా అన్నదే అడుగుతుంది. ఒకే పని ఒకరికి మామూలుగా, ఇంకొకరికి కొండంతగా ఎందుకు ఉంటుందో రిచర్డ్ లాజరస్ అనే సైకాలజిస్టు ఇలాగే వివరించారట. ముందు మనసు "ఇది నాకు ముప్పా?" అని చూసుకుంటుంది, ఆ వెంటనే "నా దగ్గర దీనికి దారి ఉందా?" అని చూసుకుంటుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎంతుంటే ఒత్తిడి అంత.

రెండోది మనసు తీరును చెప్పే ఇరవై మాటల జాబితా, 1988లో వచ్చింది. పది హాయి వైపువి, పది బాధ వైపువి. ఒక్కో మాట మనకు ఎంతవరకు వర్తిస్తుందో ఒకటి నుంచి ఐదు వరకు వేయాలి. నేను రెండు వైపులా ఎక్కువే వేశాను. పొరపాటు అనుకుంటారేమోనని ఆ అమ్మాయిని అడిగితే, అలా ఉండొచ్చని, రెండూ వేర్వేరు కొలతలని చెప్పింది. ఉత్సాహంగా ఉంటూనే ఆందోళనగానూ ఉండొచ్చు. బాధ లేకపోయినా ఏ ఉత్సాహమూ లేకుండానూ ఉండొచ్చు. ఒత్తిడి తగ్గితే చాలు, బాగున్నట్టే అని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. బాగుండటాన్ని విడిగా కొలవాలని మొదటిసారి అక్కడ తెలిసింది.

మూడోది ఎడ్ డీనర్ బృందం 1985లో ఇచ్చిన ఐదు వాక్యాల కొలమానం. మొత్తంగా నా జీవితం పట్ల నాకెంత తృప్తి ఉందన్నది దాని విషయం. ఐదే వాక్యాలు. అన్నిటికంటే ఎక్కువ సమయం దాని దగ్గరే పట్టింది. జీవితాన్ని మళ్ళీ మొదలుపెట్టగలిగితే దాదాపు ఏమీ మార్చను అన్న అర్థం వచ్చే వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఏం వేశానో రాయను.

ఇవన్నీ అయ్యాక నేనడిగాను, "ఇంత పెద్ద పరిశోధన చేస్తూ చిన్నచిన్న చికాకుల మీదే ఎందుకండీ?" అని. ఆవిడ చెప్పిన చరిత్ర నాకు బాగా గుర్తుండిపోయింది. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు 43 సంఘటనల జాబితా వేసి ఒక్కోదానికి మార్కులు ఇచ్చారు. జీవిత భాగస్వామి చనిపోతే 100, పెళ్ళికి 50. మంచి మార్పు కూడా మనిషిని అలసిపోయేలా చేస్తుందని గుర్తించడం అందులో గొప్ప విషయం. కానీ అలాంటి సంఘటనలు ఏళ్ళకు ఒకసారి వస్తాయి, మనిషి మాత్రం రోజూ అలసిపోతూనే ఉంటాడు. 1981లో లాజరస్ బృందం రోజువారీ చికాకులనూ, చిన్న సంతోషాలనూ లెక్కపెట్టి చూస్తే, మనసు ఎలా ఉందో చెప్పడంలో పెద్ద సంఘటనల కంటే చికాకులే ముందున్నాయి. అప్పటినుంచి ఈ దారి బలపడింది.

ఇక అసలు పని ఫోనులో మొదలైంది. ల్యాబ్ వాళ్ళు ఒక యాప్ పెట్టారు. మెలకువగా ఉండే వేళల్లో రోజుకు నాలుగైదు సార్లు, ఎప్పుడొస్తుందో తెలియకుండా నోటిఫికేషన్ వస్తుంది. అప్పుడు ఎక్కడున్నాను, ఎవరితో ఉన్నాను, ఏం చేస్తున్నాను, మనసెలా ఉంది, కిందటి నోటిఫికేషన్ తర్వాత చికాకు పెట్టింది ఏమైనా జరిగిందా అని అడుగుతుంది. రెండు నిమిషాలు కూడా పట్టదు. కొంతసేపటికి గడువు ముగిసి మూసుకుపోతుంది. రాత్రి ఇంకాస్త పెద్ద ప్రశ్నావళి ఉంటుంది.

ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఇందులో కీలకం. ఫలానా గంటకు అని తెలిస్తే మనం ఆ గంటకు సర్దుకుని కూర్చుంటాం. ఈ పద్ధతికి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1970ల్లో మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ బృందం మనుషుల చేతికి పేజర్లు అనే చిన్న పరికరాలు ఇచ్చి, మోగినప్పుడల్లా చేస్తున్న పనినీ మనసు తీరునూ రాయించింది. ఇప్పుడు పేజరు పనినే ఫోను చేస్తోంది.

మొదటి కొన్ని రోజులు అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. ఇదే ఒక టెన్షన్ కదా, ఒత్తిడి కొలిచే పరికరమే ఒత్తిడి పెడితే ఎలా అనిపించింది. ల్యాబ్‌కు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. కొలవడం వల్లే కొలిచేది మారిపోయే ప్రమాదం వాళ్ళకు తెలుసు. అందుకే మొదటి రోజుల జవాబులకూ తర్వాతవాటికీ తేడా ఉందేమో విడిగా చూస్తారట. నిజంగానే ఆ ఉలికిపాటు నెమ్మదిగా పోయింది. తర్వాత ఇంకో మార్పు గమనించాను. మనసెలా ఉందని అడిగితే మొదట్లో "బాగానే ఉంది" దగ్గర వేలు పెట్టేసేదాన్ని. పోనుపోను ఒక్క క్షణం ఆగి చూసుకోవడం అలవాటైంది. మంచి అలవాటే, కానీ పరిశోధన వైపు నుంచి చూస్తే అదీ కొలత తెచ్చిన మార్పే. ఆ మాట కూడా రాసి పంపాను.

రాత్రి ఒకేసారి రోజంతటి గురించీ రాయించుకుంటే సరిపోదా అని ఇంట్లో అడిగారు. నాకూ అదే సందేహం ఉండేది. డేనియల్ కానమన్ బృందం 1993లో చేసిన ప్రయోగం గురించి విన్నాక పోయింది. చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో ఒక నిమిషం పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషానికి తోడు మరో అరనిమిషం ఉంచి, ఆ అరనిమిషంలో నీటిని మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్ళీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారంటే ఎక్కువమంది పొడవైనదే కోరుకున్నారు. చివర కాస్త హాయిగా ఉంటే, అంతకుముందు పడ్డ బాధ ఎంతసేపన్నది గుర్తులో తగ్గిపోతుంది. నా రోజుల్లోనూ ఇదే కనిపించింది. రాత్రి పడుకునేముందు అమ్మ కాస్త నవ్వుతూ మాట్లాడితే "ఈ రోజు బాగానే గడిచింది" అని రాసేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం ఫోనులో నేనే వేసిన అంకెలు వేరేగా ఉండేవి. రెండూ నిజమే. ఒకటి గడిచిన రోజు, ఇంకోటి గుర్తుండిపోయిన రోజు. ఒక్క రాత్రి జవాబే తీసుకుంటే మొదటిది ఎవరికీ తెలియదు, నాకు కూడా.

జవాబివ్వలేని వేళలు ఉంటాయి. బండి నడుపుతున్నప్పుడు, మీటింగులో ఉన్నప్పుడు, ఒకసారి అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజంతా. ఆ గడులు ఖాళీగానే ఉంచమని ల్యాబ్ వాళ్ళు మొదటిరోజే గట్టిగా చెప్పారు. "తర్వాత గుర్తుచేసుకుని నింపొద్దండీ, ఖాళీ కూడా మాకు సమాచారమే" అన్నారు. ఎందుకంత పట్టుదలంటే, ఆర్థర్ స్టోన్ బృందం 2002లో ఒక పరీక్ష చేసింది. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్ళకు కాగితం డైరీలు ఇచ్చి, రోజూ నిర్ణీత వేళల్లో రాయమన్నారు. డైరీ ఎప్పుడు తెరుచుకుందో తెలిపే చిన్న సెన్సరు అందులో ఉంది. కాగితాల మీద చూస్తే 90 శాతం వేళకు నింపినట్టే ఉన్నాయి. నిజంగా వేళకు నింపినవి 11 శాతం. ఎలక్ట్రానిక్ డైరీ ఇచ్చినవాళ్ళలో మాత్రం 94 శాతం. ఆ మనుషులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పని ముగించి ఇవ్వాలన్న బాధ్యత, ఖాళీ పేజీ చూపించాలంటే మొహమాటం, ఈ రెండూ ఎవరికైనా ఉంటాయి. అందుకే నిజం చెప్పడం సులువయ్యేలా పద్ధతినే మార్చాల్సి వచ్చింది. ఖాళీ గడి చూసి ఎవరూ నన్ను ఏమీ అనరని ముందే చెప్పడం వల్ల నేను నింపినవి నిజంగా నింపినవే అయ్యాయి.

రాత్రి ప్రశ్నల దగ్గరికి వస్తాను. చెప్పాలనుకున్నది ఎక్కువగా ఇక్కడే ఉంది.

డేవిడ్ ఆల్మెయిడా బృందం 2002లో ప్రచురించిన రోజువారీ ఒత్తిళ్ళ ఇంటర్వ్యూ ఒకటి ఉంది. అమెరికాలో ఎనిమిది రాత్రులు వరసగా ఫోన్ చేసి అడిగేలా దాన్ని వాడారు. మా ల్యాబ్ రాత్రి ప్రశ్నలు దాని అడుగుజాడల్లోనే ఉన్నాయి. ఏడు విషయాలు. ఎవరితోనైనా వాదన జరిగిందా? వాదన జరగాల్సింది, వద్దనుకుని మీరే ఊరుకున్న సందర్భం ఉందా? ఉద్యోగం దగ్గర ఏమైనా అయిందా? ఇంట్లో? ఎవరైనా మిమ్మల్ని వివక్షతో చూశారా? మీకు దగ్గరైనవాళ్ళకు ఏదైనా జరిగి, దాని బరువు మీ మీద పడిందా? ఇవి కాక ఇంకేమైనా? అవునన్న ప్రతిదానికీ ఎవరితో, ఎప్పుడు, ఎంత తీవ్రంగా అనిపించింది, దానివల్ల దేనికి ముప్పు వచ్చిందనిపించింది అని అడుగుతారు. డబ్బుకా, రోజువారీ పనులకా, మీ మీద మీకున్న అభిప్రాయానికా, మీ మీద ఇతరులకున్న అభిప్రాయానికా, ముందు ముందు చేయాలనుకున్నవాటికా.

మొదటి ప్రశ్నకు నా జవాబు దాదాపు ఎప్పుడూ లేదు అనే. నేను గొడవ పడే మనిషిని కాదు. ఇంట్లోవాళ్ళూ ఆఫీసులోవాళ్ళూ నా గురించి చెప్పే మాట అదే. రెండో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. ఆ రోజు తమ్ముడు ఫోన్ చేసి, అమ్మను ఫలానా డాక్టరుకు చూపించాల్సింది కదా అన్నాడు. దూరంలో ఉంటాడు, చూపించాల్సింది నేను. నోటిదాకా వచ్చిన మాట మింగి, "చూద్దాంలే" అన్నాను. ఫోన్ పెట్టేశాక దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ జరగలేదు కదా. ఆ గడిలో అవును అని వేశాను.

తర్వాతి రోజుల్లో ఆ గడి నిండుతూనే వచ్చింది. పక్క సీటు మనిషి వదిలేసిన పని నా బల్ల మీదికి వచ్చింది, ఊరుకున్నాను. సెలవు అడిగితే పై అధికారి మొహం అదోలా పెట్టారు, సెలవు మాటే వెనక్కి తీసుకున్నాను. అమ్మ మందు వేసుకోనంటే వాదించలేదు. ఒక్కొక్కటీ చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. ముప్పు దేనికి అనే ప్రశ్న మాత్రం దాటనివ్వదు. తమ్ముడి ఫోన్ దగ్గర నేను వేసింది నా మీద నాకున్న అభిప్రాయానికి అని. అమ్మను సరిగ్గా చూసుకోవడం లేదేమో అన్న భయం అది. పక్క సీటు మనిషి విషయంలో రోజువారీ పనులకు అని మాత్రమే వేశాను. అది సాయంత్రానికి పోయింది. తమ్ముడి మాట రెండు రోజులు నాతోనే ఉంది. తీవ్రత అంకె రెండింటికీ ఒకటే వేశాను, అవి నాలో నిలిచిన కాలం మాత్రం వేరు.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని తర్వాత తెలిసింది. ఆ ఇంటర్వ్యూతో చేసిన పరిశోధనల్లో మనుషుల మధ్య రాపిడే అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఒత్తిడి. అయితే ఊరుకోవడం ఎప్పుడూ చెడ్డదని కూడా అనుకోకూడదు. సూసన్ చార్ల్స్ బృందం 2009లో ఒక తేడా చూపించింది. వాదన జరిగితే తక్కువ వయసువాళ్ళకూ వయసు పైబడినవాళ్ళకూ బాధ ఒకలాగే ఉంది. ఊరుకున్నప్పుడు మాత్రం వయసు పైబడినవాళ్ళకు బాధ తక్కువగా ఉంది. ఊరుకుని నిజంగా వదిలేయడం వాళ్ళకు వచ్చిందేమోనని నేను అనుకుంటున్నాను. నేను ఊరుకుంటున్నాను గానీ వదిలేయడం లేదు. ఈ తేడా చూసుకోవడానికి నాకు ఒక గడి కావాల్సి వచ్చింది.

మధ్యలో కొన్ని రోజులు లాలాజలం కూడా సేకరించాలి. చిన్న గొట్టాలు, వాటిలో దూది చుట్ట లాంటిది. కళ్ళు తెరవగానే ఒకటి, అరగంటకు ఒకటి, ఆ తర్వాత కొంత వ్యవధితో ఇంకోటి, పడుకునేముందు ఒకటి. ఉదయం నమూనాలు అయ్యేదాకా పళ్ళు తోముకోకూడదు, ఏమీ తినకూడదు, తాగకూడదు. చిగుళ్ళ నుంచి రక్తం కలిసినా లెక్క చెడుతుంది. దూదిని నోట్లో కాసేపు ఉంచి, గొట్టంలో వేసి, టైమ్ రాసి, ఫ్రిజ్‌లో పెట్టాలి. దీనితో కొలిచేది కార్టిసాల్ అనే హార్మోను. ఒత్తిడి హార్మోను అని పేరుపడినా అది చెడ్డది కాదు. నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటలో పైకి లేస్తుంది, రోజంతా దిగుతూ అర్ధరాత్రి వేళకు బాగా తగ్గుతుంది. శరీరాన్ని రోజుకు సిద్ధం చేసేది ఆ ఉదయపు పెరుగుదలే. అందుకే కళ్ళు తెరిచిన నిమిషం అంత ముఖ్యం. పావుగంట ఆలస్యమైతే ఎక్కే గీత మొదలు తప్పిపోయి అంకెలు వేరే కథ చెప్తాయి. గొట్టాలుండే సీసా మూత ఎప్పుడు తెరిచామో నమోదవుతుందని ముందే చెప్పి ఇచ్చారు. పొద్దున్నే అమ్మకు మందులు ఇవ్వాలి, ఇక్కడ అరగంట నమూనా. శరీరానికి శ్రమేమీ లేదు గానీ, పరిశోధన మొత్తంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. చిన్నపిల్లలున్నవాళ్ళు, పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళు దీని గురించి ముందే మాట్లాడుకోవడం మంచిది. నైట్ షిఫ్టు చేసేవాళ్ళ రోజు లయే వేరు కాబట్టి వాళ్ళను ఈ భాగంలోకి తీసుకోలేదు.

ల్యాబ్‌లోనే చేసిన ఇంకో పని ఉంది. దాన్ని వివరంగా రాయను. ముందే తెలిసి వెళ్తే వాళ్ళు కొలవాలనుకున్నది రాదు. అది ముగియగానే ఎందుకలా చేశారో కూర్చోబెట్టి అంతా చెప్పారని, అప్పుడు కూడా నా డేటా వద్దంటే తీసేస్తామన్నారని మాత్రం రాస్తున్నాను.

చివర్లో ఒక సమావేశం. అడిగినవాళ్ళకు వాళ్ళ రోజుల గీత చూపిస్తారు. నేను అడిగాను. స్క్రీన్ మీద మనసు తీరు ఒక గీత, చికాకులు జరిగిన రోజులు చుక్కలు. ఆ అమ్మాయి ముందుగానే ఒక మాట చెప్పింది: "ఇది మీ కొన్ని రోజుల బొమ్మ మాత్రమే అండీ. దీన్నిబట్టి మీరు ఇలాంటివారని మేము చెప్పలేం." ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

అక్కడ నేర్చుకున్న పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ళు నన్ను ఇంకొకరితో పోల్చడం లేదు, ముందు నన్ను నాతో పోలుస్తున్నారు. నా మామూలు రోజుల సగటు ఎంత, చికాకు ఉన్న రోజు అది ఎంత కిందికి దిగింది, మళ్ళీ మామూలుకు రావడానికి ఎంతసేపు పట్టింది. ఎన్ని చికాకులు వచ్చాయన్నది ఒక సంగతి, వచ్చినప్పుడు ఎంత కదిలిపోయామన్నది ఇంకో సంగతి. చార్ల్స్, ఆల్మెయిడా తదితరులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్న చికాకులకు మనసు ఎక్కువగా కదిలిపోయినవాళ్ళు పదేళ్ళ తర్వాత మానసిక బాధలకు ఎక్కువగా గురైనట్టు కనిపించింది. భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు. అది చాలామంది మీద చూసిన ధోరణి, ఏ ఒక్కరి జాతకమూ కాదు. కానీ "ఇంత చిన్నదానికి బాధేంటి" అని మనల్ని మనం కసిరి ఊరుకోబెట్టుకునే తీరు సరైనది కాదని మాత్రం నాకు గట్టిగా అనిపించింది. చిన్నదైనా చూసుకోవాల్సిందే.

నా గీతలో ఊరుకున్న రోజుల మర్నాడు ఉదయపు మొదటి జవాబు కిందుగా ఉంది, అన్నిసార్లూ కాదు గానీ చాలాసార్లు. కారణం ఊరుకోవడమా, ఆ రాత్రి నిద్ర చెడటమా అన్నది ఇంత కొద్ది సమాచారంతో తేలదన్నారు. నిద్ర గంటలు కూడా పక్కనే ఉన్నాయి, ఆ రాత్రుల్లో తక్కువే. ఏది ముందో, ఏది వెనకో తేల్చడానికే ఇంతమంది రోజులు కావాలి.

తమ్ముడితో మాట్లాడాను. ఆ మాట మీదే మాట్లాడాను, "డాక్టరు గురించి నువ్వలా అన్నప్పుడు నాకు ఇలా అనిపించింది" అని. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను దూరంగా ఉండి ఏమీ చేయలేకపోతున్నాననే అలా అడుగుతానక్కా" అన్నాడు. ఇప్పుడు అమ్మ పరీక్షల తేదీలు వాడు చూసుకుంటున్నాడు, తీసుకెళ్ళేది నేను. ఆఫీసు సంగతి అలాగే ఉంది.

చేరాలనుకునేవాళ్ళు ముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రోజుకు ఎన్నిసార్లు ఫోను మోగుతుంది, పని వేళల్లో ఆపుకునే వీలుందా, లొకేషన్ తీసుకుంటారా, తీసుకుంటే ఎందుకు, డేటా ఎన్నేళ్ళు ఉంచుతారు, ఇతర పరిశోధకులకు ఇస్తారా. ఇవి అడిగితే మంచి ల్యాబ్ విసుక్కోదు. ప్రస్తుతం దుఃఖంలో మునిగి ఉన్నవాళ్ళు, చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళు తమ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవడం మేలు. రోజుకు ఇన్నిసార్లు మనసెలా ఉందని అడిగించుకోవడం అందరికీ అన్ని వేళలా తేలిక కాదు. సాయం కావాల్సిన స్థితిలో పరిశోధనలో చేరితే చాలనుకోవద్దు. అది వైద్యానికి బదులు కాదు.

చివరి సమావేశంలో మీ సలహాలు చెప్పమని అడిగారు. రాత్రి ప్రశ్నల్లో ఒక లోటుందని చెప్పాను. అవన్నీ జరిగినవాటి గురించి. అమ్మ పరీక్ష రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజు ఏమీ జరగలేదు, ఎవరూ ఏమీ అనలేదు, రిపోర్టు కూడా రాలేదు. ఏడు గడుల్లో ఆరింటికి లేదు అనే వేశాను, ఏడోదైన "ఇంకేమైనా"లో ఆ ఎదురుచూపు గురించి నాలుగు వాక్యాలు రాశాను. నాకు ఆ కొన్ని వారాల్లో అన్నిటికంటే బరువైన రోజు అదే. ఆ అమ్మాయి నా కోడ్ నంబరు తెరిచి ఆ నాలుగు వాక్యాలూ చదివింది. ఇలా రాసినవాళ్ళు ఇంకా ఉన్నారని, తర్వాతి విడతలో "రేపటి గురించి ఇప్పుడు మిమ్మల్ని ఏదైనా బరువు పెడుతోందా?" అన్న ప్రశ్న చేర్చమని తమ ప్రొఫెసరుకు ఇప్పటికే రాశామని చెప్పింది. ఆ విడతకు పిలిస్తే వస్తానని పేరు రాయించి వచ్చాను.